వంతు బెల్టు

ఎదురింటావిడ కుళాయి దగ్గర మూలింటావిడతో అందట. మూలింటావిడ బిందె చంకన ఉండగానే వచ్చి గుమ్మంలో నిలబడి అత్తగారి చెవిన వేసింది. అత్తగారు వంటింట్లోకి వచ్చి పెద్దకోడలితో అంది. చిన్నకోడలి గుండె రాత్రిళ్ళు ఆగిపోతోందట, తెల్లారాక మళ్ళీ మొదలవుతోందట, ఆ మధ్యకాలమంతా కడుపులో ఉన్న బిడ్డే తన గుండెతో తల్లిని కూడా నడిపించుకొస్తోందట. ఆసుపత్రి నుంచి ఫోనొచ్చి పొయ్యి మీద నీళ్ళు కాగినంత సేపు కాలేదు, అప్పుడే కబురు వీధి చివరిదాకా పాకి, దారిలో నాలుగు కాళ్ళూ రెండు కొమ్ములూ మొలిపించుకుని ఇంటికి తిరిగొచ్చింది. అందులో ఒక్క ముక్క నిజం ఉంది. ఆగుతున్న గుండె ఒకటుంది. అది ఎవరిదన్నదే, ఆ కబురు మోసిన నోళ్ళలో ఏ నోటికీ తోచని సంగతి.

తోచిన మనిషి, పెద్దకోడలు, ఇప్పుడు ఆసుపత్రి వరండాలో గోడకి బిగించిన ప్లాస్టిక్ కుర్చీలో, ఒళ్ళో సంచీ పెట్టుకుని కూర్చుని ఉంది. సంచీలో ఆసుపత్రి గౌను తొడిగేముందు చిన్నకోడలు విప్పిన బట్టలు, తువ్వాలు, దువ్వెన, కాగితంలో చుట్టిన చెప్పులు. ఎదురుగా తెల్ల తలుపు. తలుపుకున్న గుండ్రటి అద్దానికి లోపలి నుంచి కాగితం అంటించారు, ఒక మూల చిరిగింది, ఆ చిరుగులోంచి అప్పుడప్పుడు ఎవరిదో మోచెయ్యి కనిపించి మాయమవుతోంది. నేల తుడిచే మందు వాసన. కిటికీలోంచి మధ్యాహ్నపు ఎండ వచ్చి ఆవిడ పాదాల దాకా పాకి అక్కడ కూలబడింది. ఆవిడకీ అలాగే కూలబడాలనుంది. రెప్పలు ఎవరో మెత్తగా చేత్తో దించుతున్నట్టున్నాయి. ఇలాంటి వేళ కూడా నిద్రొస్తుందా మనిషికి? వస్తుంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి వస్తూనే ఉంది. పొద్దున డాక్టరమ్మ చెబుతున్నప్పుడు కూడా, ఆ మాటలు వింటూ వింటూనే, గోడకి ఆనుకుంటే ఎంత బాగుండునో అనుకుంది. డాక్టరమ్మ చెప్పింది పెద్ద మాటలేం కాదు. గుండె చప్పుడు వినడానికని కట్టిన బెల్టు మింగిన రాత్రులన్నీ కంప్యూటర్లో ఒలకబోసి చూశారట. కొన్ని రాత్రుల్లో గుండె నడుస్తూ నడుస్తూ, ఏదో మరిచిపోయిన మనిషిలా దారి మధ్య నిలబడిపోయిందట. కాసేపటికి తనంతట తనే కదిలిందట. ఒక ఆదివారం రాత్రయితే నిలబడటం మరీ ఎక్కువసేపు. కాన్పు నొప్పుల్లో అలా నిలబడితే తల్లికీ పిల్లకీ ముప్పు. అందుకని చిక్కుడు గింజంత యంత్రం ఒకటుంది, తొడ దగ్గర నరంలోంచి పంపించి గుండెలో కూర్చోబెడతారు, గుండె నిలబడ్డప్పుడల్లా అది వెనక నుంచి చిన్నగా తడుతుంది. ఆ గింజని కడుపుతో ఉన్నవాళ్ళకి పెట్టి చూడటం ఇప్పుడిప్పుడే మొదలు, ఈ ఆసుపత్రిలో చిన్నకోడలే మొదటి మనిషి. గింజ తెచ్చే అతను వచ్చేదాకా ఈమె మంచం దిగకూడదు. బట్టలకని ఇంటికి పోవడం కూడా లేదు. ఎవరో ఒకరు పక్కనే ఉండాలి. ఎవరో ఒకరంటే ఎవరు? ఇంకెవరు, పెద్దకోడలు.

కొత్త మందుల్ని మనుషులకిచ్చి పరీక్ష చేస్తారని ఆవిడకి తెలుసు, ఊళ్ళో ఎవరో ఒకరు ఎక్కడో అక్కడ విని భయపడిందే. యంత్రాలకీ పరీక్ష ఉంటుందని చిన్నకోడలి పుణ్యాన తెలిసింది. చిన్నదానికి కడుపులు నిలవలేదు. మొదటిది ఇంట్లో నలుగురికీ చెప్పుకునే లోపే పోయింది. తర్వాతది కదలడం మొదలుపెట్టి, ఒకనాడు కదలడం మానేసింది. అప్పుడు దడగా ఉంది దడగా ఉంది అని ఆ పిల్ల అంటే, కడుపుతో ఉంటే దడ ఉండదా, మేం మోయలేదా అన్నారు అందరూ. అందరిలో పెద్దకోడలూ ఉంది. అప్పుడు చూపించుకుంటున్న వేరే ఆసుపత్రికి ఫోను చేస్తే మోగి మోగి అలిసిపోయింది గాని ఎవరూ ఎత్తలేదు. ఈసారి నెల తప్పగానే ఇక్కడికొచ్చారు. ఇక్కడ ఆ పరీక్ష పనులు చూసే స్టడీ అమ్మాయి అని ఒకామె ఉంది, చంకలో ఎప్పుడూ ఒక పలక ఫోను. కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, కాగితాలన్నీ చదివి వినిపించింది. గుండె దడ ఉన్న గర్భిణులకి రొమ్ముల కింద కట్టుకునే బెల్టు. సగంమందికి మాట్లాడే బెల్టు, సగంమందికి మూగ బెల్టు. ఎవరికేదో కంప్యూటరే చీటీ తీస్తుంది, డాక్టరమ్మ చేతిలో కూడా లేదు. మాట్లాడేది గుండె తప్పటడుగు వేస్తే అక్కడికక్కడే కీచుమంటుంది. మూగది వింటుంది, మింగుతుంది, పదిహేను రోజులకోసారి ఇక్కడికొచ్చి కక్కుతుంది. అరిచే బెల్టు వల్ల తల్లులకి మేలు జరుగుతోందా, ఊరికే బెదురు పుడుతోందా, అదీ వాళ్ళు తేల్చుకోవలసింది. చిన్నకోడలికి మూగది వచ్చింది. అత్తగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ‘మా ఇంటికి మూగదే మేలమ్మా, మాట్లాడేవాళ్ళకేం కరువు లేదు’ అంది. స్టడీ అమ్మాయి నవ్వింది. నవ్వి, చిన్నకోడలిని పేరుపెట్టి పిలిచి, ఏ వేళప్పుడైనా ఫోను చెయ్యి, నేను ఎత్తుతాను అంది. ఆ ఒక్క మాటకి చిన్నకోడలు బెల్టు కాదు, బండచాకిరీ చెయ్యమన్నా చేసేది.

ఇక ఆ ఇంటి సంగతి. ఆ ఇంట్లో అన్నిటికీ వంతులు. నీళ్ళు ఒకనాడు ఒకరు, అంట్లు ఒకనాడు ఒకరు. అత్తగారి మోకాళ్ళకి నూనె రాయడం వంతు, మేడ మెట్లు కడగడం వంతు, ఎదురింటావిడ చెప్పే కబుర్లు కూర్చుని వినడం కూడా వంతే, ఇవాళ నీ చెవులు రేపు నా చెవులు అని తోడికోడళ్ళిద్దరూ నవ్వుకునేవారు. వంతు తప్పితే మాట పడాలి, వంతు మార్చుకోవాలంటే అత్తగారికి చెప్పాలి. అలాంటి ఇంట్లోకి బెల్టు వచ్చింది. ఉక్కకాలం. చెమటకి ఒరుసుకుని చిన్నదాని ఒళ్ళు కమిలిపోయింది, రాత్రంతా మసలడం, పొద్దున్నే కళ్ళు ఉబ్బించుకుని లేవడం. తీసి పక్కన పెడదామంటే బెల్టు కొసన ఎర్రదీపం వెలుగుతుంది, విప్పారన్న ఆ ఒక్క ముక్క మాత్రం అప్పటికప్పుడే ఆసుపత్రికి పోతుంది, తెల్లారకముందే స్టడీ అమ్మాయి ఫోను, రాత్రి బెల్టు తీశారా అని. పాపం తిట్టేది కాదు, కానీ గొంతు చిన్నబోయేది. నాలుగుసార్లు ఇలా అయితే పేరు తీసేస్తారని చిన్నదాని బెంగ. అప్పుడు అత్తగారు తీర్పు చెప్పింది. ‘దానికేం కావాలి? కొట్టుకునే గుండె కావాలి. పెద్దదానికి లేదా గుండె? ఒకనాడు అది కట్టుకుంటుంది, ఒకనాడు నువ్వు కట్టుకో.’ అంతే. కుళాయి నీళ్ళ పక్కన, అంట్ల పక్కన, గుండె కూడా వంతుల్లో చేరిపోయింది. ఇప్పుడు తలుచుకుంటే ఎంత పని చేశామో తెలుస్తోంది గాని, అప్పుడు ఆ ఇంట్లో ఒక్కరికైనా అబద్ధమాడుతున్నామనిపిస్తేనా? కడుపుతో ఉన్న పిల్లకి ఒక పని తగ్గించాం అనుకున్నారు. పని పంచుకోవడం అబద్ధం ఎలా అవుతుంది?

కానీ ఇంకో సంగతుంది, అది అత్తగారికీ తెలియదు, పడక పంచుకునే మొగుడికీ తెలియదు. పెద్దకోడలికి ఆ బెల్టంటే ఇష్టమైంది. మొదటి రాత్రి చల్లటి ముక్క ఒంటికి తగిలి ఉలిక్కిపడింది, తర్వాత అది ఒంటి వేడికి వేడెక్కింది, చీకట్లో పచ్చదీపం మినుకుమంది, అంతే, ఎవరో తల ఆనించి వింటున్నట్టనిపించింది. ఊరికే వింటున్నారు. ఏదీ అడగరు, ఏదీ తెమ్మనరు. ఇన్నేళ్ళ కాపురంలో మొగుడు ఆ ఛాతీ మీద చెయ్యి వేశాడు గాని చెవి పెట్టిన పాపాన పోలేదు, పోనీ ఆయనా పగలంతా లారీలకి బస్తాలెక్కించి వచ్చే మనిషి, ఆయనకెక్కడ తీరిక. కూతురు హాస్టల్లో చదువుకుంటోంది, ఫోన్లో అది చెబుతుంది, ఈవిడ వింటుంది. ఈవిడని వినేది ఆ బెల్టొక్కటే. వంతు రోజున పడుకోబోయే ముందు మొహం కడుక్కునేది, ఎందుకో సిగ్గేసేది, అయినా కడుక్కునేది. తర్వాత తర్వాత తన వంతు కాని రోజు కూడా, ‘నువ్వు పడుకో పిల్లా, నాకెలాగూ ఉక్కకి నిద్రపట్టదు’ అని అడిగి కట్టుకుంది. నిద్రపట్టదట! ఆవిడకి! గోడలు విని నవ్వుకుని ఉంటాయి.

‘మీది మూగదా, మాట్లాడేదా?’

పక్క కుర్చీలో ఎప్పుడు వచ్చి కూర్చుందో ఒకావిడ, కడుపు ముందుకు పెట్టి, కాళ్ళు బారచాచుకుని అడుగుతోంది.

‘నాది కాదమ్మా. మా చెల్లిది. మూగది.’

‘అదృష్టవంతురాలు. మాది మాట్లాడేది. మొన్న మా ఆయన నన్ను కసురుకున్నాడో లేదో కీచుమని మొదలుపెట్టింది. పాపం హడిలిపోయి అప్పటి నుంచి నన్ను పల్లెత్తు మాటంటే ఒట్టు. కాన్పయ్యాక కూడా ఉంచుకోనిస్తారేమో కనుక్కోవాలి.’

నవ్వింది ఆవిడ. పెద్దకోడలు కూడా నవ్వింది, నవ్వు పెదాల దాకా రావడానికే ఎంతో దూరం నడిచినట్టయింది. లోపలి నుంచి ఎవరో పిలిస్తే ఆ కీచుబెల్టావిడ కుర్చీ చేతులు పట్టుకుని లేచి, అమ్మా అని నడుం నొక్కుకుని, బాతులా ఊగుతూ వేరే తలుపులోకి వెళ్ళిపోయింది. కుర్చీ కొంచెంసేపు కిర్రుమంటూనే ఉంది.

మాట్లాడే బెల్టే వచ్చి ఉంటే? మొదటి రాత్రే కీచుమని ఉండేది. ఇంటిల్లిపాదీ లేచి వచ్చి, ఎవరి ఒంటిమీద అరుస్తోందో దీపం వేసి చూసేవాళ్ళు. ఏమని ఉండేవాళ్ళు? పెద్దదానికి బెల్టు కట్టుకోవడం కూడా చేతకాలేదు, తిరగేసి కట్టుకుంది అని ఉండేవాళ్ళు. అంతకంటే తోచదు వాళ్ళకి. ఆవిడకీ తోచదు. ఆవిడ పేరు నిద్రగన్నేరు. కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు, కుట్టుకొట్టు మాస్టరు పెట్టింది, పొద్దుగూకితే ఆకులు ముడుచుకునే చెట్టు పేరు. ఆ కొట్టులో ఆవిడది ఇస్త్రీ పని, కుట్టిన చొక్కాలు మడత పెట్టే ముందు కాలరూ మణికట్టూ నొక్కి పెట్టడం. ఇస్త్రీపెట్టె పట్టుకుని నిలబడి నిలబడి, ఒక్కోసారి, కళ్ళు మూసి తెరిచినట్టే ఉంటుంది, తెరిచేసరికి గుడ్డ కాలిన వాసన, చొక్కా వీపున పెట్టె ముక్కు ఆకారం పచ్చగా దిగిపోయి ఉంటుంది. ‘నిద్రగన్నేరూ, మళ్ళీ ముడుచుకున్నావా?’ అని మాస్టరు అరిస్తే మిషన్ల మీద వంచిన తలలన్నీ ఎత్తి నవ్వేవి. ఆవిడా నవ్వేది. నిద్ర కాదు మాస్టరుగారూ అని ఒక్కనాడూ అనలేదు, ఎందుకంటే ఆవిడా నిద్రే అనుకుంది. చిన్నప్పుడు అమ్మ మొద్దునిద్ర అంది. అత్తవారింట్లో అత్తగారు బద్ధకం అంది. మొగుడు బస్సులో పక్క మనిషి భుజం మీద పడిపోతుంటే పరువు తీస్తున్నావన్నాడు. మెట్ల మీద ఒకసారి కూర్చున్నది కూర్చున్నట్టే పక్కకి ఒరిగిపోయి, కణత చిట్లి, లేచి, బకెట్టు తీసుకుని మిగతా మెట్లు కడిగింది. పసిగుడ్డుగా కూతురికి పాలిస్తూ ఒకనాడు కళ్ళు మూసుకుపోయి, తెరిచేసరికి పిల్ల ఒళ్ళోంచి జారి చాప మీద ఉంది, ఏడవకుండా తననే చూస్తోంది. ఆ చూపు ఇప్పటికీ ఎప్పుడైనా వస్తుంది. నలుగురూ బద్ధకం బద్ధకం అంటుంటే మనిషికి తన ఒంటి మీద తనకే నమ్మకం పోతుంది. రోగమైతే ఒక పేరుంటుంది, మంచం ఉంటుంది, పరామర్శలుంటాయి. బద్ధకానికి ఏముంటుంది, ఇంకో రెండు పనులుంటాయి.

పొద్దున డాక్టరమ్మ ‘గుండె నిలబడిపోతోంది’ అన్నప్పుడు ఆవిడ ఒంట్లోంచి ఏదో లేచి, అది నాది అంది. భయపడి కాదు. అది కదా సిగ్గుచేటు. భయం తర్వాతొచ్చింది. మొదట వచ్చింది ఆశ. సంతలో తప్పిపోయిన మేకని ఎవరో కట్టేసుకుని ఉంటే గుర్తుపట్టినట్టు, నాది, నాదే, దాని చెవి మీద మచ్చ చూడండి అన్నట్టు. అందరూ చిన్నదాని చుట్టూ మూగారు, తలగడ సర్దారు, మరిది ఆ పిల్ల పాదాలు పట్టుకుని కూర్చున్నాడు, అత్తగారు ఫోన్లో ఏడ్చింది. ఇదంతా ఎవరికి రావలసింది? అనుకుంది, అనుకున్నందుకు తన నోరు తానే కుట్టేసుకోవాలనిపించింది. నెలలు నిండుతున్న పిల్ల మీద ఈర్ష్యా? అదీ రోగం కోసం? ఏ పాడు మనిషైనా నగల కోసం ఈర్ష్యపడుతుంది, నాణ్యమైన బట్టల కోసం పడుతుంది.

అంతకుముందే, ఫోన్లో విన్న ముక్కకే, ఆసుపత్రికి వచ్చే దారిలో చిన్నకోడలు ఒట్టు పెట్టించుకుంది. బండిలో ముందు మరిది, వెనక వీళ్ళిద్దరూ. చెయ్యి పట్టుకుని, గోళ్ళు దిగేలా పట్టుకుని, చెవిలో గుసగుసగా అంది. ‘అక్కా, వంతుల సంగతి బయటపెట్టావో నా బిడ్డ మీద ఒట్టే. తెలిస్తే పేరు కొట్టేస్తారు. మళ్ళీ ఆ మోగే ఫోను దగ్గరికి పోలేను. అయినా నాదో నీదో నీకేం తెలుసు? నాదే అయితే?’ అదీ మాట. నాదే అయితే? ఆ పిల్లకి దడ ఉన్నమాట నిజం. వంతులు కూడా సరిగ్గా సాగాయా అంటే లేదు, ఒకనాడు ఇదీ ఒకనాడు అదీ కలగాపులగం. నాది నాది అని తను వెళ్ళి లాక్కుంటే, అది నిజంగా చిన్నదాని గుండే అయితే, గింజ పెట్టకుండా ఇంటికి పంపేస్తారు, కాన్పులో ఆ గుండె నిలబడుతుంది, అప్పుడు ఎవరు తడతారు వెనక నుంచి? నోరు మూసుకుంటే, అది తన గుండే అయితే, ఏ జబ్బూ లేని గుండెలో, పక్కనే బిడ్డ పడుకుని ఉండగా, తొడలోంచి తీగ పంపి, యంత్రం తెచ్చి కూర్చోబెడతారు. ఇక్కడ ఇంకా ఎవరికీ పెట్టి చూడనిది. ముందు నుయ్యి, వెనక గొయ్యి, మధ్యలో సంచీ ఒళ్ళో పెట్టుకున్న నిద్రగన్నేరు. ఆదివారం రాత్రి, ఎక్కువసేపు నిలబడిందన్న ఆ రాత్రి, బెల్టు ఎవరి ఒంటి మీదుంది? వంతు ప్రకారం చిన్నదానిదే. అది ఖాయం, శనివారం రాత్రి తను కట్టుకుంది, పొద్దున విప్పి చిన్నదాని దిండు మీద పెట్టింది. ఆదివారం పగలు చిన్నదీ దాని మొగుడూ ఏదో మాటా మాటా అనుకున్నారు. ఆదివారం సాయంత్రం? సాయంత్రం ఏమైంది? తల పట్టుకుంటే పొగ.

తలుపు తెరుచుకుని మరిది వచ్చాడు. పొద్దుటి నుంచి దువ్వని జుట్టు, చొక్కా గుండీ ఒకటి తప్పి పెట్టుకున్నాడు.

‘వదినా, నిద్రపోతున్నావా?’

‘లేదురా.’

‘గింజ తెచ్చే అతను కిందకి వచ్చాడట. పైకి రాగానే సంతకం పెట్టాలి. దానికేం కాదు కదా వదినా?’

‘చిన్నది ఏమంటోంది?’

‘గోడ వైపు తిరిగి పడుకుంది. ఏమడిగినా సరే అంటోంది. దాని నోట సరే అనే మాట పెళ్ళయ్యాక ఇదే వినడం, అదే నాకు భయంగా ఉంది.’ నవ్వబోయాడు, నవ్వు రాలేదు. ‘డాక్టరమ్మ చెప్పిన ఆ ఆదివారం రాత్రే కదా వాన పడింది, అందరం మొద్దుల్లా పడి నిద్రపోతుంటే, పక్క గదిలో దీని గుండె ఆగిందట. తలుచుకుంటే... సంచీ జాగ్రత్త వదినా. మళ్ళీ కునికేవు.’ లోపలికి వెళ్ళిపోయాడు.

వాన. అవును, ఆ రాత్రి వాన. ఉక్క తరువాత మొదటి వాన, చెప్పా పెట్టకుండా వచ్చింది, రేకుల మీద కంకర బోసినట్టు. మేడ మీద బట్టలు. బట్టలు తియ్యడం ఎవరి వంతైనా ముందు మెలకువ వచ్చింది తనకే, లేదు, మెలకువ అని కాదు, ఏదో లోతు బావిలోంచి పైకి లాగినట్టు లేచింది, నోరెండిపోయి, ఒళ్ళు చెమటతో తడిసి, తను ఎక్కడుందో కాసేపు తెలియలేదు. లేచి గోడ పట్టుకుని మెట్లెక్కింది. తీగ మీద దుప్పటి నీళ్ళు తాగి బరువెక్కింది, రెండు చేతులూ పైకెత్తి లాగింది, లాగినప్పుడు, ఛాతీ మీంచి ఏదో జారి నడుం దగ్గర ఆగింది. వేడిగా. ఒక చేత్తో దుప్పటి, ఒక చేత్తో దాన్ని పైకి లాక్కుంటూ, వానలో తడుస్తూ, అయ్యో మిషను తడిస్తే పాడవుతుందేమో అని దుప్పటి దానికి అడ్డం పెట్టుకుంది. పచ్చదీపం మినుకుమంటూ కనిపించింది. అవును. చిన్నది మొగుడి మీద అలిగి అత్తగారి గదిలో పడుకుంది ఆ రాత్రి, బెల్టు దిండు మీదే వదిలేసి. తనే వెళ్ళి తెచ్చుకుంది. ఎవరూ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు. తనకి కావాలనిపించి తెచ్చుకుంది.

కుర్చీలో కదలకుండా కూర్చుంది. ఇప్పుడొచ్చింది భయం, పాదాల దగ్గర ఎండ ఉన్నా పాదాలు చల్లగా. ఇంతసేపూ నాది నాది అని తహతహలాడిన మనసే, నిజంగా నాదే అని తేలేసరికి పిల్లిలా మంచం కిందకి దూరింది. ఆగుతోంది. తన లోపల, ఇప్పుడు కొట్టుకుంటున్నదే, రాత్రి వానలో బావి అడుగున ఆగింది. ఇస్త్రీపెట్టె చేతిలో ఉండగా ఆగింది. పసిపిల్ల ఒళ్ళో ఉండగా ఆగింది. ఎన్నిసార్లు పోయి ఎన్నిసార్లు తిరిగొచ్చిందో, ప్రతిసారీ తిరిగొచ్చి, లేచి, మిగిలిన మెట్లు కడిగింది. ఎంత అలసట. చెప్పాలంటే ఇప్పుడు లేవాలి, నాలుగడుగులు వెయ్యాలి, తలుపు తొయ్యాలి, చిన్నదాని మొహం చూడాలి. ఆ పిల్ల ఇంక జన్మలో మాట్లాడదు. పేరు కొట్టేస్తారు, స్టడీ అమ్మాయి ఫోను ఎత్తదు, కడుపు మళ్ళీ ఏమన్నా అయితే ఆ పాపం తనకే చుట్టుకుంటుంది, ఎదురింటావిడకి ఏడాదికి సరిపడా మేత. చెప్పకపోతే, ఇక్కడే కళ్ళు మూసుకుని కూర్చుంటే చాలు. ఎవరూ తప్పుపట్టరు. నిద్రగన్నేరు కదా. వరండా చివర లిఫ్టు తెరుచుకుంది. బూడిదరంగు పెట్టె చేత్తో పట్టుకుని ఒకతను, శుభ్రంగా, పెళ్ళిచూపులకి వచ్చినట్టు తల దువ్వుకుని, బూట్లు టకటకలాడించుకుంటూ ఆవిడ ముందు నుంచే వెళ్ళి, తలుపు తోసి లోపలికి వెళ్ళాడు. తలుపు పూర్తిగా పడలేదు. ఆ సందులోంచి చిన్నదాని అరికాలు కనిపించింది, దుప్పట్లోంచి బయటికి వచ్చి, వాచి, ఎర్రగా. ఆ అరికాలు చూసి లేచింది. ఎలా లేచిందో అడిగితే చెప్పలేదు.

లోపల గది చిన్నది, మనుషులు ఎక్కువ. మరిది చేతిలో కలం, స్టడీ అమ్మాయి చేతిలో కాగితాలు, పెట్టె అతను పెట్టె మూత తీసి ఏదో సర్దుతున్నాడు. డాక్టరమ్మ కిటికీ దగ్గర నిలబడి కళ్ళద్దాలు తుడుచుకుంటోంది, ఆవిడా అలిసిపోయినట్టే ఉంది.

‘డాక్టరమ్మా, ఆ వాన రాత్రి బెల్టు నేను కట్టుకున్నాను.’

‘వదినా, నిద్రలో నడిచొచ్చావా ఏంటి?’ అన్నాడు మరిది.

‘ఆ రాత్రే కాదు. చాలా రాత్రులు. మేమిద్దరం వంతులేసుకున్నాం.’

డాక్టరమ్మ కళ్ళద్దాలు పెట్టుకుంది. చిన్నకోడలి వైపు తిరిగి, నిజమేనా అమ్మా అని అడిగింది. చిన్నకోడలు గోడవైపే ఉండి తల ఊపింది. తర్వాత ప్రశ్నలు. ఏ రాత్రి ఎవరు, గుర్తున్నంతవరకు. కొట్టులో చొక్కా కాలిన మర్నాడు ఏది, మెట్లు కడిగిన రోజు ఏది. స్టడీ అమ్మాయి పలక ఫోను మీద వేలు జరుపుతూ, జరుపుతూ, ఆగి, ‘మేడం, ఆగినవన్నీ ఈవిడ రాత్రుల్లోనే ఉన్నాయి. ఆమె రాత్రుల్లో ఉత్త దడే’ అంది. ఆ అమ్మాయి గొంతులో నెలల తరబడి చేసిన చాకిరీ కూలిన చప్పుడు వినిపించింది. పెట్టె అతను ఎవరూ చెప్పకుండానే పెట్టె మూసేశాడు. తాళం టక్కుమంది.

‘ఈ అమ్మాయి రాత్రులు కూడా లెక్కలోంచి తీసేయాలి మేడం. పైవాళ్ళకి రాయాలి. ఇంక ఈ అమ్మాయిని స్టడీలో ఉంచడం...’ అంటోంది స్టడీ అమ్మాయి.

‘తర్వాత చూద్దాం’ అంది డాక్టరమ్మ. చిన్నకోడలి భుజం మీద చెయ్యి వేసింది. ‘నీకు భయం లేదమ్మా. మామూలు దడే. దిగు, ఇంటికి వెళ్ళొచ్చు.’

మరిది ఒక్కసారిగా ఊపిరి వదిలి, కలం జేబులో పెట్టుకోబోయి కింద పడేశాడు. వంగి తీసుకుని లేస్తూ, అప్పుడు గుర్తొచ్చినట్టు, ‘మరి వదినకి?’ అన్నాడు.

డాక్టరమ్మ స్టడీ అమ్మాయి వైపు చూసింది. స్టడీ అమ్మాయి చెప్పింది, మర్యాదగానే చెప్పింది. ‘మా యంత్రం గర్భిణులకేనండీ. ఆవిడ మా కిందికి రారు. కింద గుండె డాక్టర్లు చూస్తారు, ఇవాళ్టికి వాళ్ళ ఓపీ అయిపోయింది. రేపు పొద్దున్నే వచ్చి చీటీ తీసుకోమనండి.’

పెద్దకోడలు తల ఊపింది. రేపంటే రేపు. ఇన్నేళ్ళు ఆగింది, ఒక రాత్రికేం. నిజానికి ఊరటగానే ఉంది, ఇప్పుడిక ఎవరూ ఏమీ అడగరు, బండెక్కితే చాలు, కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకోవచ్చు. వంగి, సంచీలోంచి చిన్నదాని చెప్పులు తీసి, కాగితం విప్పి, మంచం పక్కన జతగా పెట్టింది. పిల్ల మొహం చూసే ధైర్యం లేక చెప్పుల వైపే చూస్తూ నిలబడింది.

చెప్పుల్లోకి కాళ్ళు రాలేదు.

‘దిగవే, డాక్టరమ్మ చెబుతున్నారు కదా, నీకేం లేదని’ అన్నాడు మరిది.

చిన్నకోడలు కడుపు పట్టుకుని మెల్లగా లేచి కూర్చుంది. గోడవైపు నుంచి తిరిగింది. అక్క వైపు చూడలేదు. మంచం అంచుకి జరిగి, పక్కన ఒక మనిషి పట్టేంత చోటు చేసి, ఆ చోటు మీద అరచెయ్యి ఆనించి, డాక్టరమ్మ మొహంలోకి చూస్తూ అంది.

‘పొద్దున ఆ గుండె నాదనుకున్నప్పుడు, మంచం దిగితే ప్రాణం పోతుందన్నారు. అక్కదని తేలగానే, రేపొచ్చి చీటీ తీసుకోమంటారేంటి?’